చుక్కలు కలిపితే లెక్క కనబడుతుంది

ముగ్గు వేయడం మనకు బడిలో ఎవరూ నేర్పలేదు. అమ్మను చూసి, అక్కను చూసి నేర్చుకున్నాం. ముందు చుక్కలు పెడతాం. వరుసకూ వరుసకూ నడుమ ఒకే దూరం ఉంచుతాం. తర్వాత చుక్కలు కలుపుతాం. చుక్కలు సరిగ్గా పడితే ముగ్గు కుదురుతుంది. ఒక్క చుక్క పక్కకు పడితే ముగ్గు వంకర పోతుంది. ఆ వంకర వీధిలో పోయేవాళ్ళకు కూడా కనబడుతుంది.

లెక్కను కూడా ఇట్లాగే చుక్కలు పెట్టి గీయవచ్చు. అట్లా గీసిన దాన్ని గ్రాఫు అంటారు. కూలి లెక్క, అప్పు లెక్క, పాప బరువు లెక్క – ఈ మూడింటినీ ఈ పాఠంలో గీసి చూద్దాం.

ఈ పాఠంలో ఎల్లమ్మ, కొమురమ్మ అని ఇద్దరు వస్తారు. వాళ్ళు మనం అనుకున్న మనుషులు. వరంగల్ దగ్గర ఒక ఊరిలో ఉంటారని అనుకుందాం. ఎల్లమ్మ వదినె. కొమురమ్మ ఆడబిడ్డ. ఇద్దరూ పత్తి ఏరే కూలికి పోతారు.

1. ఒకదాన్ని బట్టి ఇంకొకటి

వరంగల్ చుట్టుపక్కల పత్తి ఎక్కువ. వానలు పడగానే గింజలు పెడతారు. దసరా, దీపావళి నాటికి పత్తి పగులుతుంది. అప్పటినుంచి ఆడవాళ్ళకు చేతి నిండా పని. ఏరిన పత్తి బండ్ల మీద, ట్రాలీల మీద ఎనుమాముల మార్కెట్‌కు పోతుంది.

ఎల్లమ్మ ఊరిలో కిలో పత్తి ఏరితే 10 రూపాయల కూలి అనుకుందాం. అప్పుడు లెక్క ఇట్లా ఉంటుంది.

10 కిలోలు ఏరితే 100 రూపాయలు.
20 కిలోలు ఏరితే 200 రూపాయలు.
30 కిలోలు ఏరితే 300 రూపాయలు.
40 కిలోలు ఏరితే 400 రూపాయలు.

ఇక్కడ రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి పత్తి బరువు. రెండోది కూలి. బరువు మారితే కూలి మారుతుంది. బరువును బట్టి కూలి ఉంటుంది.

మన బతుకులో ఇట్లాంటివి చాలా ఉన్నాయి. ఎన్ని నెలలు గడిచాయో దాన్ని బట్టి మిత్తి. ఎన్ని లీటర్ల పాలు పోశామో దాన్ని బట్టి పైసలు. ఎంతమంది తినేవాళ్ళో దాన్ని బట్టి ఎసట్లో బియ్యం.

ఇట్లా మారే వాటిని లెక్కల పుస్తకంలో చలరాశులు అంటారు. ఒక చలరాశి చెప్పగానే రెండోది ఇంత అని కచ్చితంగా తేలితే, ఆ సంబంధాన్ని ప్రమేయం అంటారు. ఇంటర్ చదివే పిల్లల పుస్తకంలో ప్రమేయాలు అనే పాఠం ఉంటుంది. పేరు పెద్దది. సంగతి మాత్రం మనం రోజూ చేసేదే. చిన్నప్పుడు పిల్లలు వల్లించే ఎక్కాలు కూడా ప్రమేయాలే. పదో ఎక్కమే ఎల్లమ్మ కూలి లెక్క.

2. ఒక ప్రశ్నకు ఒకటే జవాబు

ప్రమేయానికి ఒక నియమం ఉంది. ఒక ప్రశ్నకు ఒకటే జవాబు రావాలి.

ఒక బిడ్డను చూపించి, "ఈ బిడ్డ కన్నతల్లి ఎవరు?" అని అడిగితే జవాబు ఒకటే. ఏ బిడ్డకైనా కన్నతల్లి ఒక్కతే. కాబట్టి బిడ్డ నుంచి తల్లికి పోయే సంబంధం ప్రమేయం.

ఇప్పుడు తిప్పి అడుగుదాం. ఒక తల్లిని చూపించి, "ఈమె బిడ్డ ఎవరు?" అంటే? ఆమెకు ముగ్గురు పిల్లలు ఉండవచ్చు. మూడు జవాబులు వస్తాయి. కాబట్టి తల్లి నుంచి బిడ్డకు పోయే సంబంధం ప్రమేయం కాదు.

ఇద్దరు బిడ్డలకు ఒకే తల్లి ఉండవచ్చు. అందులో తప్పు లేదు. రెండు ప్రశ్నలకు ఒకే జవాబు రావచ్చు. ఒక ప్రశ్నకు రెండు జవాబులు రాకూడదు.

ఈ నియమం తెలిస్తే ఏం లాభం? ఎల్లమ్మ సంగతి చూడండి.

ఒకనాడు సాయంత్రం మేస్త్రీ కాంటా పెట్టాడు. ఎల్లమ్మ సంచి 38 కిలోలు తూగింది. కొమురమ్మ సంచి కూడా 38 కిలోలే తూగింది. మేస్త్రీ ఎల్లమ్మకు 340 రూపాయలు ఇచ్చాడు. కొమురమ్మకు 360 ఇచ్చాడు.

ఇంటికి పోయే తొవ్వలో కొమురమ్మ చిట్టీలు రెండూ పక్కపక్కన పెట్టి చూసింది.

"వదినె, నీది 38. నాది 38. పైసలు మాత్రం వేరే ఉన్నయి," అన్నది.

"తరుగు తీసిండు కావచ్చు బిడ్డా," అన్నది ఎల్లమ్మ.

"తరుగు తియ్యనీ వదినె. తీస్తే ఇద్దరికీ ఒక్క తీరుగ తియ్యాలె కద? నీకు నాలుగు కిలోలు, నాకు రెండు కిలోలు ఎట్ల తీస్తడు?"

తెల్లారి ఇద్దరూ మేస్త్రీని అడిగారు. "మేస్త్రన్నా, ఒకటే బరువుకు రెండు కూలీలు ఎట్లయితయి? ఏ సంచికి ఎంత తరుగో చెప్పు. రాసుకుంటం," అన్నారు. మిగతా ఆడవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. అప్పుడు ఖాళీ సంచిని కాంటా మీద పెట్టారు. కిలో తూగింది. ఇక అందరికీ తరుగు ఒక కిలోనే అని మాట అయింది. 38 కిలోల సంచికి 37 కిలోల పత్తి. కూలి 370 రూపాయలు. ఎవరు ఏరినా అంతే.

మొదట జరిగినది ప్రమేయం కాదు. ఒక బరువుకు రెండు కూలీలు వచ్చాయి. తర్వాత జరిగినది ప్రమేయం. బరువు చెబితే కూలి ఎవరైనా చెప్పగలరు. మేస్త్రీ నోటి కోసం ఎదురు చూసే పని లేదు.

3. ముగ్గు పిండితో గ్రాఫు

ఇప్పుడు కూలి లెక్కను గీద్దాం. వాకిలి ఊడ్చి కొంచెం నీళ్ళు చల్లండి. ముగ్గు పిండి తీసుకోండి.

మొదటి పని: ఎడమ నుంచి కుడికి ఒక అడ్డగీత గీయండి.

రెండో పని: అడ్డగీత ఎడమ కొస నుంచి పైకి ఒక నిలువుగీత గీయండి. రెండు గీతలూ కలిసే మూల సున్నా. అక్కడినుంచే లెక్క మొదలు.

మూడో పని: అడ్డగీత మీద జానకొక చుక్క పెట్టండి. వాటి కింద 10, 20, 30, 40 అని రాయండి. ఇవి పత్తి కిలోలు.

నాలుగో పని: నిలువుగీత మీద కూడా జానకొక చుక్క పెట్టండి. వాటి పక్కన 100, 200, 300, 400 అని రాయండి. ఇవి కూలి రూపాయలు.

ఐదో పని: 10 కిలోల చుక్క నుంచి నేరుగా పైకి పోండి. 100 రూపాయల చుక్క నుంచి నేరుగా పక్కకు రండి. రెండూ కలిసే చోట ఒక చుక్క పెట్టండి. ఇట్లాగే 20 కిలోలకు 200 దగ్గర, 30 కిలోలకు 300 దగ్గర, 40 కిలోలకు 400 దగ్గర చుక్కలు పెట్టండి.

ఆరో పని: సున్నా నుంచి మొదలుపెట్టి చుక్కలు కలపండి.

తీగ లాగినట్టు తిన్నని గీత వస్తుంది. ఇదే కూలి గ్రాఫు. అడ్డగీతను పుస్తకాల్లో ఎక్స్ అక్షం అంటారు. నిలువుగీతను వై అక్షం అంటారు. రెండూ కలిసే మూలను మూలబిందువు అంటారు.

అంకెలకూ గీతలకూ ఉన్న ఈ చుట్టరికాన్ని ఫ్రాన్సు దేశపు రెనే దెకార్త్ 1637లో అచ్చయిన తన పుస్తకంలో వివరించాడు. ఇప్పుడు ప్రపంచమంతా ఈ పద్ధతి వాడుతున్నది.

ఈ గీతతో కొత్త లెక్కలు కూడా చెప్పవచ్చు. 35 కిలోలకు ఎంత? 30కీ 40కీ నడిమధ్యన వేలు పెట్టండి. నేరుగా గీత దాకా పైకి పోండి. అక్కడినుంచి నిలువుగీత వైపు పక్కకు పోండి. వేలు 350 దగ్గర ఆగుతుంది.

ఎల్లమ్మకు మొదట ఇచ్చిన కూలిని కూడా ఈ ముగ్గులో పెట్టి చూద్దాం. ఆమె ఏరిన పత్తి 37 కిలోలు. ఇచ్చింది 340. ఆ చుక్క గీత మీద పడదు. గీతకు కింద పడుతుంది. గీతకూ చుక్కకూ నడుమ ఉన్న ఎడం 30 రూపాయలు. అది ఎల్లమ్మకు రావలసిన పైసలు.

ఏ గ్రాఫు కనబడినా మూడు ప్రశ్నలు అడగాలి.

ఒకటి: అడ్డంగా ఏమి రాశారు? నిలువుగా ఏమి రాశారు?
రెండు: గీత ఎక్కడ మొదలైంది?
మూడు: గీత ఎటు పోతున్నది? ఎంత నిట్టనిలువుగా పోతున్నది?

4. పడుకున్న గీత

గీతలన్నీ పైకే పోవాలని లేదు. బస్సు టికెట్ చూడండి.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. వరంగల్ నుంచి నర్సంపేట పోయినా సున్నా రూపాయలే. వరంగల్ నుంచి హైదరాబాద్ పోయినా సున్నా రూపాయలే.

అడ్డంగా కిలోమీటర్లు రాయండి. నిలువుగా టికెట్ రూపాయలు రాయండి. ఆడవాళ్ళ టికెట్ గీత అడ్డగీత మీదనే పడుకుని ఉంటుంది. దూరం ఎంత పెరిగినా గీత లేవదు. ఇది కూడా ప్రమేయమే. ప్రతి దూరానికీ జవాబు ఒకటే ఉన్నది. ఆ జవాబు మారదు, అంతే. ఇట్లాంటి దాన్ని స్థిర ప్రమేయం అంటారు.

మగవాళ్ళ టికెట్ గీత అట్లా ఉండదు. దూరం పెరిగినకొద్దీ మెట్లు మెట్లుగా పైకి ఎక్కుతుంది. కొంత దూరం దాకా ఒక రేటు, అది దాటితే ఇంకో రేటు. అందుకే మెట్లు.

5. అప్పు గీత

ఇప్పుడు అప్పు సంగతి. ఎల్లమ్మ విత్తనాలకూ మందులకూ 10,000 రూపాయలు అప్పు తెచ్చింది. మిత్తి నూటికి నెలకు 3 రూపాయలు. అంటే 10,000కు నెలకు 300 రూపాయలు. నడుమ ఏమీ కట్టలేదు అనుకుందాం. మిత్తి మీద మిత్తి లేదు అనుకుందాం.

తెచ్చిన రోజు బాకీ 10,000.
6 నెలలకు బాకీ 11,800.
12 నెలలకు బాకీ 13,600.
24 నెలలకు బాకీ 17,200.

గ్రాఫు గీద్దాం. అడ్డంగా నెలలు, నిలువుగా బాకీ. మూడు ప్రశ్నలు అడుగుదాం.

గీత ఎక్కడ మొదలైంది? సున్నా దగ్గర కాదు. 10,000 దగ్గర. ఒక్క నెల కూడా గడవకముందే అసలు నెత్తి మీద ఉంది కదా.

ఎటు పోతున్నది? పైకి. నెలకు 300 చొప్పున ఎక్కుతున్నది. గీత తిన్నగానే ఉంది.

ఇప్పుడు అదే ముగ్గులో ఇంకో గీత గీద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మహిళా సంఘాలకు పావలా వడ్డీ పథకం వచ్చింది. సంఘం కిస్తులు సమయానికి కడితే, నూటికి నెలకు పావలా మిత్తి మాత్రమే సంఘం మీద పడేది. మిగతా మిత్తి ప్రభుత్వం భరించేది. ఆ లెక్కన 10,000 రూపాయలకు నెలకు మిత్తి 25 రూపాయలు. 12 నెలలకు అసలు, మిత్తి కలిపి 10,300. 24 నెలలకు 10,600.

రెండు గీతలూ ఒకే చోట మొదలవుతాయి. 10,000 దగ్గర. మొదటి రోజు చూస్తే రెండు అప్పులూ ఒకటే. చేతికి వచ్చిన పైసలూ ఒకటే. కానీ ఒక గీత మిట్ట ఎక్కినట్టు పోతుంది. ఇంకో గీత చెరువు కట్ట మీద నడిచినట్టు పోతుంది. రెండేళ్ళకు రెండు గీతల నడుమ ఎడం 6,600 రూపాయలు.

గీత ఎంత నిట్టనిలువుగా ఉందో చెప్పేదాన్ని వాలు అంటారు. ఒక నెల పక్కకు జరిగితే గీత ఎంత పైకి లేచిందో అదే వాలు. షావుకారి అప్పు గీత వాలు 300. పావలా వడ్డీ గీత వాలు 25.

అప్పు తెచ్చేటప్పుడు "ఎంత ఇస్తావు?" అని అందరం అడుగుతాం. అది గీత మొదలు మాత్రమే. "నెలకు ఎంత పెరుగుతది?" అని కూడా అడగాలి. అది గీత వాలు.

6. వంగి లేచే గీత

ఇంకో రకం అప్పు ఉంది. ఏడాది దాటగానే షావుకారి పాత నోటు చింపి కొత్త నోటు రాయించుకుంటాడు. పాత అసలూ, పాత మిత్తీ కలిపి కొత్త అసలు అవుతుంది. అప్పటినుంచి మిత్తి మీద కూడా మిత్తి పడుతుంది. దీన్నే చక్రవడ్డీ అంటారు.

నూటికి నెలకు 3 రూపాయలంటే ఏడాదికి 36 రూపాయలు. 10,000 అప్పుకు రెండు రకాల లెక్కలూ చూద్దాం.

మొదటి ఏడాది చివర: మామూలు మిత్తితో 13,600. చక్రవడ్డీతో కూడా 13,600.
రెండో ఏడాది చివర: మామూలు మిత్తితో 17,200. చక్రవడ్డీతో 18,496.
మూడో ఏడాది చివర: మామూలు మిత్తితో 20,800. చక్రవడ్డీతో సుమారు 25,155.
నాలుగో ఏడాది చివర: మామూలు మిత్తితో 24,400. చక్రవడ్డీతో సుమారు 34,210.

వాకిట్లో గీసి చూడండి. అడ్డంగా ఏళ్ళు రాయండి. నిలువుగా జానకు 5,000 రూపాయల చొప్పున రాయండి. మామూలు మిత్తి చుక్కలు కలిపితే తిన్నని గీత వస్తుంది. ఏటా 3,600 ఎక్కుతుంది. చక్రవడ్డీ చుక్కలు కలిపితే గీత వంగుతుంది. మొదట మెల్లగా లేస్తుంది. పోను పోను తాటిచెట్టు ఎక్కినట్టు పైకి పోతుంది. మొదటి ఏడాది 3,600 ఎక్కింది. రెండో ఏడాది 4,896. మూడో ఏడాది సుమారు 6,659. నాలుగో ఏడాది సుమారు 9,056. వాలు ఏటేటా పెరుగుతున్నది.

మొదటి ఏడాది రెండు లెక్కలూ ఒకటే అని చూశాం కదా. అందుకే మొదట్లో ఎవరికీ భయం కలగదు. భయం కలిగేనాటికి గీత చేతికి అందనంత పైన ఉంటుంది.

1997–98లో అప్పటి వరంగల్ జిల్లాలో పత్తి పంట పురుగుల పాలయింది. ఎన్నిసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు. విత్తనాలు, మందులు చాలామందికి అప్పు మీద వచ్చినవే. పంట పోయింది. అప్పు మిగిలింది. ఎంతోమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. దానికి కారణాలు చాలా ఉన్నాయి. కల్తీ మందులున్నాయి, వాన తీరు ఉంది, ధర ఉంది. అన్నింటి వెనక ఆగని అప్పు గీత కూడా ఉంది. పంట పైసలు ఏడాదికి ఒకసారి వస్తాయి. ఏ ఏడాదైనా రాకపోవచ్చు. మిత్తి మాత్రం నెల తప్పదు.

అందుకని నోటు తిరగరాసేటప్పుడు ఇంటి ఆడవాళ్ళు కూడా కూర్చోవాలి. "కొత్త నోటులో అసలు ఎంత రాస్తున్నరు? పాత మిత్తి కలిపిన్రా?" అని అడగాలి. కలిపితే గీత వంగుతుంది. కొంతైనా మిత్తి కట్టి, పాత అసలే రాయించుకుంటే గీత అంతగా లేవదు.

7. పాప బరువు గీత

అప్పు గీత పైకి పోతే మనకు కష్టం. పైకి పోవాలని మనం కోరుకునే గీత కూడా ఒకటి ఉంది. అది పాప బరువు గీత.

కొమురమ్మకు ఒక పాప. అంగన్వాడీలో ప్రతి నెలా పాపను తూచి, కార్డులో చుక్క పెడతారు. ఆ కార్డులో ఉన్నది గ్రాఫే. అడ్డంగా పాప వయసు, నెలల్లో. నిలువుగా బరువు, కిలోల్లో. ఒక నెలకు ఒక బరువు. కాబట్టి ఇదీ ప్రమేయమే. కూలికి ఉన్నట్టు దీనికి ఎక్కం లేదు. పదితో గుణిస్తే బరువు రాదు. అయినా ఒక ప్రశ్నకు ఒకటే జవాబు ఉంది. అది చాలు.

మన దేశంలో అంగన్వాడీ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. బరువు కార్డు కథ ఇంకా పాతది. 1950ల చివర్లో డేవిడ్ మోర్లీ అనే ఇంగ్లండు డాక్టరు ఆఫ్రికా ఖండంలోని నైజీరియా దేశంలో పల్లె పిల్లలకు వైద్యం చేశాడు. పిల్లల బరువును గీతగా గీసే కార్డు తయారు చేశాడు. ఆ కార్డు దవాఖానలో కాదు, తల్లి దగ్గరే ఉండాలన్నాడు. చదువు రాని తల్లులు కూడా గీత ఎటు పోతున్నదో చూసి బిడ్డ సంగతి తెలుసుకున్నారు.

కార్డులో మూడు రంగుల పట్టీలు ఉంటాయి. ఆకుపచ్చ పట్టీలో చుక్క పడితే బరువు సరిగ్గా ఉన్నట్టు. పసుపు పట్టీలో పడితే బరువు తక్కువ. నారింజ రంగులో పడితే చాలా తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన కొలతల ప్రకారం ఈ పట్టీలు గీశారు. ఆడపిల్లకూ మగపిల్లవాడికీ కొలతలు వేరు.

ఆ కొలతల్లో ఆడపిల్ల నడిమి బరువు ఇట్లా ఉంటుంది. పుట్టినప్పుడు 3.2 కిలోలు. 6 నెలలకు 7.3 కిలోలు. ఏడాదికి 8.9 కిలోలు. మొదటి ఆరు నెలల్లో గీత బాగా నిట్టనిలువుగా లేస్తుంది. తర్వాత వాలు కొంచెం తగ్గుతుంది. కానీ పైకే పోతుంది.

కొమురమ్మ పాప బరువు ఇట్లా ఉంది.

4 నెలలకు 6.1 కిలోలు.
5 నెలలకు 6.5 కిలోలు.
6 నెలలకు 6.7 కిలోలు.
7 నెలలకు 6.7 కిలోలు.
8 నెలలకు 6.6 కిలోలు.

8 నెలల ఆడపిల్ల బరువు 6.3 కిలోల కంటే తగ్గితే చుక్క పసుపులో పడుతుంది. కొమురమ్మ పాప 6.6 ఉంది. చుక్క ఇంకా ఆకుపచ్చలోనే ఉంది.

"వదినె, పచ్చ రంగులనే ఉన్నది. మంచిగనే ఉన్నట్టు కద?" అన్నది కొమురమ్మ.

ఎల్లమ్మ కార్డు తీసుకుని చుక్కల మీద వేలు పెట్టి నడిపింది. "రంగు చూడకు కొమురమ్మా, గీత చూడు. ఆరో నెల దాక ఎక్కింది. ఆరు నుంచి ఏడుకు పండుకున్నది. ఎనిమిదో నెలల కిందికి దిగింది. పాప ఏం తింటున్నది?" అని అడిగింది.

"నా పాలే వదినె. పోయిన నెల విరేచనాలు కూడ అయినయి."

సంగతి దొరికింది. ఆరు నెలల దాకా బిడ్డకు తల్లిపాలు ఒక్కటే చాలు. ఆరు నెలలు నిండగానే తల్లిపాలతో పాటు మెత్తని తిండి కూడా పెట్టాలి. పప్పు కలిపిన మెత్తని అన్నం, నెయ్యి చుక్క, ఉడికిన గుడ్డు, అరటిపండు కొంచెం కొంచెంగా, రోజుకు రెండు మూడుసార్లు మొదలుపెట్టాలి. తెలంగాణ అంగన్వాడీల్లో ఏడు నెలలు దాటిన పిల్లలకు బాలామృతం ఇస్తారు. విరేచనాలు అయితే ఓఆర్ఎస్ కలిపి తాగించాలి. తల్లిపాలు ఆపకూడదు. గీత పడుకున్నా, దిగినా అంగన్వాడీ టీచరుకు, ఏఎన్ఎంకు చూపించాలి. పాప నీరసంగా ఉంటే, తాగలేకపోతే వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి.

ఒక్క నెల బరువు చూస్తే పాప బాగానే ఉందనిపించింది. మూడు నెలల చుక్కలు కలిపితే అసలు సంగతి బయటపడింది. ఒక్క చుక్క ఈ రోజు ఎక్కడ ఉన్నామో చెబుతుంది. గీత ఎటు పోతున్నామో చెబుతుంది. ఎటు పోతున్నామో ముందే తెలిస్తే మళ్ళించుకునే వీలు ఉంటుంది.

కొత్త మాటలు

చలరాశి: మారే రాశి. బరువు, కూలి, నెల, మిత్తి.
ప్రమేయం: ఒకదాన్ని బట్టి ఇంకొకటి, ఒక ప్రశ్నకు ఒకటే జవాబు వచ్చేట్టుగా.
గ్రాఫు: ప్రమేయాన్ని చుక్కలుగా పెట్టి, కలిపి చూపిన బొమ్మ.
మూలబిందువు: అడ్డగీత, నిలువుగీత కలిసే మూల.
వాలు: ఒక అడుగు పక్కకు పోతే గీత ఎంత లేస్తుందో, ఎంత దిగుతుందో చెప్పేది.
స్థిర ప్రమేయం: జవాబు మారని ప్రమేయం. దాని గీత పడుకుని ఉంటుంది.

చేసి చూడండి

1. కిలోకు 12 రూపాయల కూలి. 10, 20, 30 కిలోలకు చుక్కలు పెట్టి గీత గీయండి. 25 కిలోలకు ఎంత వస్తుందో గీత మీద చూసి చెప్పండి.

2. ఒక అక్క 5,000 రూపాయలు అప్పు తెచ్చింది. మిత్తి నూటికి నెలకు 2 రూపాయలు. నడుమ ఏమీ కట్టలేదు. మిత్తి మీద మిత్తి లేదు. గీత ఎక్కడ మొదలవుతుంది? వాలు ఎంత? 12 నెలలకు బాకీ ఎంత?

3. ఒక పాప బరువు 7 నెలలకు 7.0 కిలోలు, 8 నెలలకు 7.2, 9 నెలలకు 7.2. గీత ఏ నెలలో పడుకుంది?

4. ఇంటి నుంచి ఇంటి నంబరుకు పోయే సంబంధం ప్రమేయమా? ఊరి నుంచి ఆ ఊరి మనుషులకు పోయే సంబంధం ప్రమేయమా?

జవాబులు: 1) 300 రూపాయలు. 2) 5,000 దగ్గర, వాలు 100, బాకీ 6,200. 3) 8 నుంచి 9 నెలల నడుమ. 4) మొదటిది ప్రమేయం. ఒక ఇంటికి ఒకటే నంబరు. రెండోది కాదు. ఒక ఊరిలో చాలామంది మనుషులు ఉంటారు.

సంఘంలో కూర్చుని మాట్లాడుకోండి

మీ ఊరిలో కూలి తూకానికి తరుగు ఎంత తీస్తున్నారు? అందరికీ ఒకటేనా?
మీ ఇంట్లో ఉన్న అప్పు గీత తిన్ననిదా, వంగినదా? నోటు ఎన్నిసార్లు తిరగరాశారు?
మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే, పోయిన మూడు నెలల బరువులు కార్డులో చూసి చుక్కలు కలపండి. గీత ఎటు పోతున్నది?